ప్లస్ టూ కటాఫ్ 132: ఇంజనీరింగా, ఉద్యోగమా?

వ్యాసర్‌పాడి అక్క:
మాది చెన్నై. మా తమ్ముడు ప్లస్ టూ (ఇంటర్) పాసయ్యాడు. లెక్కలు 68, ఫిజిక్స్ 61, కెమిస్ట్రీ 67. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేరు. అంబత్తూరులో ఒక కంపెనీవాళ్లు నెలకు 14,000 ఇస్తాం, వెంటనే చేరమంటున్నారు. నాన్న చేర్చేద్దామంటున్నారు, అమ్మ ఇంజనీరింగే అంటోంది. ముందు ఏం చూసుకోవాలి?

కౌన్సెలింగ్ బాబాయ్:
అమ్మా, లెక్కలు పూర్తిగా 68, మిగతా రెండూ సగం చొప్పున 30.5, 33.5. మొత్తం 200కి 132, ఇంజనీరింగ్ సీటుకు చూసే కటాఫ్ ఇదే. సీటు దొరకడం కష్టం కాదు, ఎలాంటి కాలేజీలో దొరుకుతుందన్నదే చూసుకోవాలి. అన్నా యూనివర్సిటీ సెమిస్టర్‌వారీగా తన కిందున్న కాలేజీల పాస్ శాతం బయటపెడుతుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేముందు కనీసం నాలుగు సెమిస్టర్లవి తీసి చూడండి. సగంమంది కూడా పాసవని కాలేజీలో చేరితే మొదటి ఏడాది లెక్కల పేపర్లోనే అరియర్లు (ఫెయిలై మిగిలిపోయిన పేపర్లు) మొదలవుతాయి, అవి చివరి ఏడాదిదాకా వెంటాడతాయి. క్యాంపస్ ఇంటర్వ్యూలకు చాలా కంపెనీలు అరియర్ ఉన్నవాళ్లను కూర్చోనివ్వవు.

ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. ఇ-సేవై కేంద్రంలో ఫస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివేవాళ్లకు దానితో ఫీజు రాయితీ వస్తుంది. ఇంట్లో ఒక్కరికే వర్తిస్తుంది, అదీ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ ఫీజు రాయితీ పోయినట్టే. ఆరు నుంచి ప్లస్ టూ వరకు సర్కారు బడిలోనే చదివుంటే 7.5 శాతం కోటా కూడా ఉంది, ఫీజు ప్రభుత్వమే కడుతుంది.

షాప్‌ఫ్లోర్:
ఆ 14,000 చేతికొచ్చేదా, కోతలకు ముందుదా? బేసిక్ 10,000 అయితే పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 105 పోయి 12,695 మిగులుతుంది. జీతం ఎవరి పేరుమీద వస్తుందో కూడా అడగండి. కంపెనీదా, కాంట్రాక్టరుదా? కాంట్రాక్టరుదైతే రెండేళ్ల తర్వాత చేతిలో అనుభవం ఉంటుంది గాని దాన్ని చూపించే కాగితం ఉండకపోవచ్చు.

"అప్రెంటిస్‌గా తీసుకుంటాం" అంటే కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో నమోదైన కాంట్రాక్టు నంబరు అడగండి. అది లేకపోతే చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. పెరంబూరు ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) అప్రెంటిస్ నోటిఫికేషన్ పడితే వదలొద్దు. ఐటీఐ లేనివాళ్లనూ ఫ్రెషర్లుగా తీసుకుంటారు. స్టైపెండ్ తక్కువే, కానీ పూర్తిచేసినవాళ్లకు రైల్వే లెవెల్ 1 (మొదటి మెట్టు) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది.

వ్యాసర్‌పాడి అక్క:
చాలా థ్యాంక్సండీ. లోన్ అంటే నాన్న భయపడుతున్నారు. నాలుగేళ్లకు నాలుగు లక్షలవుతుందట.

లోన్ లెక్కలు:
నాలుగు లక్షల వరకు విద్యారుణానికి తాకట్టు అక్కర్లేదు. ఏడాదికి లక్ష చొప్పున తీసుకుని, వడ్డీ 10 శాతం అనుకోండి. కోర్సు నాలుగేళ్లు, ఆపై వాయిదాలు కట్టక్కర్లేని ఒక ఏడాది గడువు. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ, తర్వాతివాటికి నాలుగు, మూడు, రెండు: మొత్తం 1,40,000. కట్టడం మొదలయ్యేసరికి అప్పు 5,40,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,140. చదువుతుండగానే వడ్డీ కడుతూ వస్తే అసలు నాలుగు లక్షల దగ్గరే ఆగుతుంది, ఈఎంఐ 5,290 దగ్గరికి దిగుతుంది. నాన్నగారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించండి.

నా మట్టుకు 132కి డిప్లొమా మంచి దారి. ప్లస్ టూలో ఈ సబ్జెక్టులున్నాయి కాబట్టి పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. రెండేళ్లలో డిప్లొమా చేతికొస్తుంది. అప్పుడు ఉద్యోగంలో చేరినా సరే, చదవాలనుంటే బీఈ రెండో ఏడాదిలో చేరినా సరే. మొత్తమ్మీద ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, కానీ మధ్యలో ఆగినా చేతిలో ఒక అర్హత ఉంటుంది. అదే బీఈ రెండో ఏడాదిలో మానేస్తే మళ్లీ ప్లస్ టూ పిల్లాడే.

షాప్‌ఫ్లోర్:
ఒకటి మరిచాను. ఏది తేలేలోపు కంపెనీకి ఒరిజినల్ టీసీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. ఏ కాలేజీలో చేరినా అదే ఒరిజినల్ అడుగుతారు.