మెట్రోపొలిస్ పునరుద్ధరించిన డిస్క్: గీతలు పడిన సన్నివేశాలు మీకెలా అనిపించాయి?

రీలుపెట్టె:
ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపొలిస్’ (1927) మూకీ చిత్రాన్ని చాలా ఏళ్ల క్రితం ఒక చవక డిస్క్‌లో మొదటిసారి చూశాను. బొమ్మ మసకగా ఉండేది, సంగీతం ఎక్కడిదో తెచ్చి అతికించినట్టు ఉండేది, కథ సగంలో తెగి మళ్లీ అతుక్కున్నట్టు ఉండేది. అర్థం కాకపోవడం నా లోపమే అనుకుని ఊరుకున్నాను. కిందటి వారం 2010 నాటి పునరుద్ధరణ ఉన్న బ్లూ-రే చేతికి వచ్చింది. దాదాపు రెండున్నర గంటలు కదలకుండా చూశాను. చిత్రంలోని ఒక గడియారంలో పది గంటలే ఉన్నాయని, కార్మికుల పని వేళను కొలవడానికే ఆ ముఖాన్ని గీశారని నాకు ఇప్పుడే కనిపించింది. అయితే ఒక సందేహం మిగిలింది. అద్దంలా తేటగా నడుస్తున్న బొమ్మ ఉన్నట్టుండి నిలువు గీతలతో నిండిపోతుంది, దాని అంచున నల్లని పట్టీ ఒకటి వస్తుంది, కొన్ని క్షణాల తరువాత మళ్లీ అంతా శుభ్రంగా మారిపోతుంది. ఇది నా డిస్క్ లోపమా, మీ అందరి ప్రతుల్లోనూ ఇలాగే ఉందా?

నలుపుతెలుపు:
మీ డిస్క్‌లో ఏ లోపమూ లేదు. ఆ గీతలున్న భాగాలే ఈ విడుదలలో అన్నిటికన్నా విలువైనవి. 1927 జనవరిలో బెర్లిన్‌లో మొదటి ప్రదర్శన జరిగిన కొద్ది కాలానికే చిత్రాన్ని అమెరికాలోనూ, ఆ తరువాత జర్మనీలోనూ బాగా కుదించారు. కత్తిరించిన భాగాలు పోయాయనే ఎనభై ఏళ్లు అందరూ అనుకున్నారు. అయితే ఒక అర్జెంటీనా పంపిణీదారు ఆ కుదింపుకు ముందున్న పెద్ద ప్రతిని తన దేశానికి తీసుకువెళ్లాడు. పాత నైట్రేట్ ఫిల్ము సులభంగా మంటలంటుకునేది కాబట్టి తరువాతి కాలంలో దానిని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి దింపారు. అసలు ప్రింటు మిగలలేదు, ఆ చిన్న నకలు మాత్రమే మిగిలింది. అది 2008లో బ్యూనస్ ఐరిస్‌లోని సినిమా మ్యూజియంలో బయటపడింది. ఒకప్పుడు ఆ ప్రతిని ప్రదర్శించిన సినీ క్లబ్ నిర్వాహకుడు రెండు గంటలకు పైగా ఫిల్మును వేలితో ఒత్తిపట్టుకుని నిలబడవలసి వచ్చిందని వాపోయిన మాట ఒక చరిత్రకారుడి చెవిలో ఉండిపోయింది. చిత్రం అప్పటికి తెలిసిన నిడివికన్నా ఎక్కువసేపు ఎలా నడిచిందన్న అనుమానం అక్కడే పుట్టింది. ఒక మనిషి వేలినొప్పి సినిమా చరిత్రకు ఇంత మేలు చేయడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.
ఇక నల్ల పట్టీ సంగతి. 16 మిల్లీమీటర్లకు దింపేటప్పుడు చట్రం (ఫిల్ము మీది ఒక్కో బొమ్మ) అంచులు తెగిపోయాయి. మిగిలిన భాగాన్ని సాగదీసి తెర నింపకుండా, అసలు బొమ్మలో అది ఉండవలసిన చోటనే ఉంచి, లేని భాగాన్ని నల్లగా వదిలేశారు.

మూకీప్రియ:
గీతల కన్నా ఆ గీతల వెనుక ఏముందో చూడమని మనవి. నేను 2001 నాటి పునరుద్ధరణను, ఆ తరువాత దీనిని, రెండింటినీ పూర్తిగా చూశాను. మొదటిది సుమారు 124 నిమిషాలు ఉంటుంది. దొరకని సన్నివేశాలను అందులో కార్డుల మీద వాక్యాలుగా చెప్పారు కాబట్టి కథ తెలియకపోదు. కానీ తెలియడం వేరు, చూడడం వేరు. నగరాన్ని ఏలే ఫ్రెడర్సన్ కొడుకు ఫ్రెడర్‌తో బట్టలు మార్చుకున్న 11811 నంబరు కార్మికుడు ఇదివరకు బొమ్మలోంచి అలా మాయమైపోయేవాడు. ఇప్పుడు అతడు కారులో కూర్చుంటాడు, జేబులో డబ్బు తగులుతుంది, యోషివారా విలాసశాల కరపత్రాలు మీద రాలిపడతాయి, చేరవలసిన చోటికి కాక అటు వెళ్లిపోతాడు. ఒక్క రోజు ధనికుడి చొక్కా తొడుక్కున్న మనిషి ఏమవుతాడన్నది ఆ కొద్ది నిమిషాల్లో ఉంది. చిత్రం చివరన ఉపదేశంలా వినిపించే మెదడుకూ చేతులకూ మధ్య హృదయం ఉండాలన్న మాటల్లో నాకు అంత బలం కనిపించలేదు.
ఫ్రెడర్సన్ వెంట తిరిగే సన్నటి మనిషి సంగతి కూడా ఇంతే. ఫ్రిట్జ్ రాస్ప్ వేసిన ఆ గూఢచారి పాత కుదింపుల్లో దాదాపు లేడు. ఇప్పుడు అతడు తలుపు దగ్గర నిలబడితేనే గదిలో గాలి బిగుసుకున్నట్టు ఉంటుంది. మరీ ముఖ్యంగా హెల్ ఉంది. శాస్త్రవేత్త రోట్‌వాంగ్ ప్రేమించిన స్త్రీ ఫ్రెడర్సన్‌ను పెళ్లాడి, ఫ్రెడర్‌ను కని చనిపోతుంది. ఆమెను తిరిగి తెచ్చుకోవడానికే అతడు యంత్రస్త్రీని తయారు చేస్తాడు. ఆంగ్లంలో ఆ పేరు నరకం అనే మాటలా వినిపిస్తుందని అమెరికా కుదింపులో ఆమె ప్రస్తావననే తీసేశారు. కారణం పోయాక రోట్‌వాంగ్ వట్టి పిచ్చి శాస్త్రవేత్తగా మిగిలాడు. తరువాతి తరాల వారు ఆ మిగిలిన బొమ్మనే చూస్తూ వచ్చారు. హెల్ స్మారకం ముందు ఇద్దరూ ఎదురుపడే సన్నివేశం ఎన్ని గీతలతో వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

తెరచాటు:
మూకీప్రియ గారి మాటలతో ఏకీభవిస్తూనే ఒక మాట. మరమ్మతు చేసే సాఫ్ట్‌వేర్ ఇంత పెరిగిన కాలంలో ఆ గీతలను పూర్తిగా తుడిచేయలేకపోయారా? చూసేవారి కన్ను పదేపదే కథలోంచి బయటికి వచ్చి పడుతోంది.

నలుపుతెలుపు:
తుడిచే ప్రయత్నం చేశారు. ఇప్పుడు మనం చూస్తున్నది శుభ్రం చేసిన తరువాతి రూపమే. ఫిల్ము మీద గీత పడితే, దానిని ఒక ద్రవంలో తడుపుతూ స్కాన్ చేయడం ద్వారా గీతను నింపవచ్చు. ఇక్కడ మాత్రం పాత ప్రింటును శుభ్రం చేయకుండానే నకలు తీశారు కాబట్టి గీతలు బొమ్మతో పాటు ఫొటోగా దిగిపోయాయి. అవి ఇప్పుడు ఫిల్ము మీది దెబ్బలు కావు, బొమ్మలో భాగం. ముఖం మీదుగా పోయే గీతను గట్టిగా తుడిస్తే ముఖం కూడా మైనంలా కరిగిపోతుంది. ఏది 1927లో కెమెరా చూసిందో, ఏది మనం ఊహించి పూరించామో తెలియని తెర కన్నా అతుకు కనిపించే తెరే మేలని నా అభిప్రాయం.

తెరచాటు:
వివరణ ఒప్పుకుంటున్నాను, కన్ను మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. మరొక సందేహం. మనుషులు కొంచెం తొందరగా నడుస్తున్నట్టు అనిపించింది. వేగం సరైనదేనా?

లెక్కలమనిషి:
మూకీల కాలంలో కెమెరాను తిప్పిన వేగం ఒకటి, ప్రదర్శించిన వేగం ఒకటి. స్థిరమైన నియమం లేదు. మొదటి ప్రదర్శన నాటి నిడివి 4189 మీటర్లు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 చట్రాల చొప్పున నిమిషానికి సుమారు 27.4 మీటర్లు కదులుతుంది కాబట్టి ఆ నిడివి 153 నిమిషాలు అవుతుంది. 20 చట్రాలకు తగ్గిస్తే మూడు గంటలు దాటుతుంది. కార్మికులు వరుసగా అడుగులు వేసే దృశ్యంలో ఆ తొందర నప్పినట్టుగా ఉందని, ప్రేమ సన్నివేశాల్లో మాత్రం ఇబ్బంది పెట్టిందని నా అనుభవం.

మూకీప్రియ:
గాట్‌ఫ్రీడ్ హుప్పర్ట్స్ ఈ చిత్రం కోసమే రాసిన సంగీతం ఇందులో ఉంది. దానిని వట్టి నేపథ్యంగా వినకండి. ఆ స్వరలిపిలో ఏ చోట తెర మీద ఏముండాలో తెలిపే సూచనలు వెయ్యికి పైగా ఉన్నాయి. దొరికిన ముక్కలను ఏ వరుసలో అతకాలో తేల్చడానికి నిపుణులకు అవే ప్రధాన ఆధారమయ్యాయి. సంగీతం సినిమాను అనుసరించడం మనకు తెలుసు, ఇక్కడ సినిమాయే సంగీతాన్ని అనుసరించి తిరిగి కూడుకుంది.

రీలుపెట్టె:
అందరికీ కృతజ్ఞతలు. టీవీలో కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపి, అంచులు కోయకుండా పూర్తి చట్రం వచ్చేలా అమర్చి రాత్రి మళ్లీ చూశాను. ఈసారి నల్ల పట్టీ రాగానే చికాకు పడకుండా, ఇది ఎనభై ఏళ్లు పోయిందనుకున్న చోటన్న గుర్తుగా తీసుకున్నాను. కొద్దిసేపటికి దానికోసమే ఎదురుచూడడం మొదలుపెట్టాను. అద్దం మీది వెండిపూతను కొంత గీకి, చిన్న నమూనాల ప్రతిబింబంలో నటులను కూర్చిన షుఫ్టాన్ పద్ధతి కూడా ఈ స్పష్టతలో కనిపిస్తుందేమో అని నగర దృశ్యాల దగ్గర ఆపి ఆపి చూశాను. అతుకు ఎక్కడో పట్టుకోలేకపోయాను.
రోట్‌వాంగ్, ఫ్రెడర్సన్ కలబడే సన్నివేశం ఇందులోనూ లేదు. కార్డు మీద రెండు వాక్యాలు వస్తాయి, రోట్‌వాంగ్ బంధించిన కార్మికుల బోధకురాలు మారియా తప్పించుకుని బయటపడుతుంది. పాత డిస్క్‌లో ఆ కార్డు ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఆమె ఎలా తప్పించుకుందని అప్పుడు నన్ను నేను ప్రశ్నించుకోనూ లేదు.