గెడ్డ పూడిక, తీరం మొక్కలు: ఏ ప్లాన్‌లో రాయాలి?

ఉద్దానం కార్యదర్శి:
పొద్దున్నుంచీ పంచాయతీ ప్లాన్‌తోనే కుస్తీ. గట్టి వాన పడితే గెడ్డ (వాగు) నీరు సముద్రంలోకి పోక జీడితోటల్లో నిలిచిపోతోంది. పూడిక తీయాలి, తీరం వెంట మొక్కలు వెయ్యాలి అని గ్రామసభ తీర్మానించింది. మండలంలో ‘ఇది విపత్తు పని, జిల్లాకి రాయండి’ అన్నారు. జిల్లాకి వెళ్తే ‘అభివృద్ధి పని, మీ నిధులతో చేసుకోండి’ అంటారు. వాతావరణ మార్పు మీద రాష్ట్రానికి వేరే కార్యాచరణ ప్రణాళిక ఉందట. మా ఊరి పని ఎందులో ఎక్కాలి?

సోంపేట రైతు:
సరుగుడు మాత్రం వెయ్యకండి బాబూ. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా సరుగుడు నడుముకి విరిగిపోయింది. మొగలి పొదలున్న చోట ఇసుక కదల్లేదు. మొగలి, దాని వెనక తాటి. కొబ్బరి మళ్లీ కాపుకొచ్చేసరికి ఏళ్లు పడతాయి, ఆ గోడు ఏ ప్లాన్‌లోనూ రాయరు.

విజయనగరం ఇంజనీరు:
గెడ్డ ఎవరి పేరు మీద ఉంది?

ఉద్దానం కార్యదర్శి:
ఊరిదేనండి, అందరికీ తెలిసిందే.

విజయనగరం ఇంజనీరు:
అలా కాదు. అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో చూడండి.

భోగాపురం మిత్రుడు:
విపత్తా, అభివృద్ధా అన్న తగువే అనవసరం. 2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు ప్రణాళిక స్థానిక సంస్థలను సంప్రదించాకే తయారవ్వాలి. దాన్ని తయారుచేసే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి కలెక్టర్ అధ్యక్షులు, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షులు. తీర్మానం నకలు ఇద్దరికీ పంపి, జిల్లా ప్రణాళికలో చేర్చమని అడగండి. పంచాయతీ ప్లాన్‌లోనూ అదే పని రాయండి. రెండుచోట్లా ఒకే పేరు, ఒకే సర్వే నంబరు ఉండాలి.

సోంపేట రైతు:
డబ్బులెవరిస్తారు? తుపాను వచ్చాకే కదా ఇస్తారు.

భోగాపురం మిత్రుడు:
15వ ఆర్థిక సంఘం (2021–26) రాష్ట్ర విపత్తు నిధిలో 80 శాతం స్పందనకి, అంటే విపత్తు వచ్చాక చేసే సాయానికి, 20 శాతం ఉపశమనానికి, అంటే నష్టం తగ్గేలా ముందే చేసే పనులకి విడగొట్టింది. అడగాల్సింది ఆ 20లోంచి. అదే సంఘం పంచాయతీ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది, మిగతా 40 శాతంతో గెడ్డంతా తవ్వించలేరు.

విజయనగరం ఇంజనీరు:
ఉపశమనం కింద పూడికతీతకి ఒప్పుకోరు. ఏటేటా చేసేది నిర్వహణ పని.

భోగాపురం మిత్రుడు:
ముంపు తగ్గిస్తే ఉపశమనం కాదా?

విజయనగరం ఇంజనీరు:
పూడిక ఒక్కటే పెడితే కాదు. ముఖద్వారం వెడల్పు, గట్టు కలిపి అంచనా వేయించండి. తీరంలో తవ్వకానికి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతి కూడా చూసుకోవాలి.

ఉద్దానం కార్యదర్శి:
అడంగల్‌లో సగం పోరంబోకు, చివరి ముక్క అటవీ శాఖది అని ఉంది. ముందు వాళ్లనే అడగాలన్నమాట. థాంక్సండీ.

సోంపేట రైతు:
మొగలి పిలకలు కావాలంటే మా దిబ్బల దగ్గర ఉన్నాయి.