వెచ్చాలంటే ఖర్చా, సరుకులా?

అనంతపురం నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. నెల మొదట్లో మా అవ్వ పక్కన కూర్చుని ఇంటి లెక్క చెబుతున్నా. కరెంటు బిల్లు, పిల్లోడి స్కూలు ఫీజు, బండి కంతు, ఫోన్ రీచార్జి... అన్నీ విని, "అవి సరే, వెచ్చాలకు ఎంతాయరా?" అనింది. ఇవన్నీ వెచ్చమే కదా అవ్వా అంటే నవ్వింది. "అవి ఖర్చులు. వెచ్చాలంటే ఉప్పు, చింతపండు, బెల్లం, నూనె."

మా పిల్లోడైతే వెచ్చాలంటే వేడివేడిగా తినేవేమో అనుకున్నాడట. వాణ్ణి అని లాభం లేదు, నాకూ సరిగ్గా తెలియదు. వెచ్చించడం అంటే ఖర్చు పెట్టడం. మరి వెచ్చాలు కిరాణా సరుకులు ఎట్లయినాయి? మీ ఇళ్లలో ఈ మాట ఉందా?

ప్రొద్దుటూరు

మా ఇంట్లో "పండగ వెచ్చాలు" ఒక్కటే మిగిలింది. ఉగాదికి, సంక్రాంతికి చీటీ రాసేటప్పుడు బయటికొస్తుంది. మిగతా నెలల్లో సామాన్లే.

ఆదోని

పిల్లోడు చెప్పిందే రైటేమో! మిరియాలు, మిరపకాయలు, శొంఠి అన్నీ ఒంటికి వేడి చేసేవే. అందుకే వెచ్చాలు అయినాయి.

హిందూపురం

ఆ వెచ్చ వేరన్నా. ఉప్పుకు, బెల్లానికి ఏం వేడి? మాకు గడప దాటితే కర్ణాటకే. అక్కడ బడ్జెట్ వార్త ఏది చూసినా "వెచ్చ" కనిపిస్తుంది, అంటే ఖర్చే. ఇంటి మాటల్లో "ఖర్చువెచ్చ" అని జంటగా అంటారు. మరాఠీలోనూ "వేచ్" అంటే ఖర్చే. మూడు భాషల్లో ఒకే అర్థం ఉంటే అదే మొదటిది అనుకోవాలి.

ఆదోని

సరే, శొంఠి వెనక్కి తీసుకుంటున్నా.

కదిరి

అవ్వ మాటలోనే జవాబుంది, ఆమె ఏయే వస్తువుల పేర్లు చెప్పిందో చూడండి. ఉప్పు, చింతపండు, బెల్లం, నూనె. బియ్యం, జొన్నలు, కొర్రలు, కందులు చెప్పలేదు. మా చిన్నప్పుడు జొన్నలు, కొర్రలు చేలోనుంచి ఇంటికొచ్చేవి, గాదెలో ఉండేవి. వాటికి దుడ్లు పెట్టే పని లేదు. కార్తీకంలో శెనక్కాయలు అమ్ముడుపోతే చేతికి నాలుగు రూకలొచ్చేవి, లేకుంటే అంగట్లో పద్దు రాయించేది. ఆ దుడ్లు పోయేది ఉప్పుకూ బెల్లానికే. అంటే వెచ్చాలు మొత్తం తిండి కాదు, దుడ్లు పెట్టి కొనే తిండి. ఇంట్లో ఖర్చు అనేదే అంగడి సరుకు అయినప్పుడు, ఖర్చు పేరే సరుకు పేరయింది. స్కూలు ఫీజూ ఫోనూ అప్పట్లో ఉండుంటే ఈ మాట ఇట్లా మారేది కాదని నా అనుకోలు.

తమిళంలోనూ ఇదే జరిగింది. అక్కడ ఖర్చును "సెలవు" అంటారు. కోయంబత్తూరు వైపు "సెలవు రసం" పెడతారు. ఆ సెలవు అంటే అంగట్లో కొని తెచ్చిన మసాలా దినుసులు. మనకు సెలవు అంటే బడికి సెలవు ఒకటే మిగిలింది గానీ, ఒకప్పుడు తెలుగులోనూ దానికి ఖర్చు అనే అర్థం ఉండేది. మీ కడపలో కాపురమున్న బ్రౌన్ దొర 1852 నిఘంటువులో చూడండి.

ప్రొద్దుటూరు

మా బ్రౌన్ అని ఒప్పుకున్నందుకు సంతోషం.

కర్నూలు

నేను అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి ఒక మాట. 1857లో ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త బెల్జియం కూలీ కుటుంబాల లెక్కలు చూసి, ఆదాయం ఎంత తక్కువైతే ఖర్చులో తిండి వాటా అంత ఎక్కువ అన్నాడు. ఖర్చుకూ సరుకుకూ ఒకే పేరు పెట్టుకున్న ఇల్లు ఏ రకం ఇల్లో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వాటా తగ్గింది. కేంద్ర ప్రభుత్వ కుటుంబ వినియోగ ఖర్చు సర్వేల ప్రకారం, దేశంలోని పల్లెల్లో నెల ఖర్చులో తిండి వాటా 1999-2000లో 59 శాతం పైన. 2022-23కి 46 శాతం చిల్లర. మరుసటి ఏడు 47కు పెరిగింది. ధాన్యాల వాటా అయితే అదే కాలంలో 22 శాతం నుంచి 5 శాతం లోపుకు పడిపోయింది. నెల లెక్కలో సగానికి పైగా తిండి కానివే ఉంటే, వెచ్చం అనే మాట సరుకుల దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఖర్చు అనే పెద్ద సంచీ కావాల్సి వచ్చింది.

హిందూపురం

అయినా ఖర్చు కూడా మన మాట కాదు సార్, పారసీ నుంచి వచ్చింది. లెక్క పెద్దదై అరువు మాటొచ్చింది!

కదిరి

సార్ లెక్క బాగుంది. కానీ తిండి తగ్గిందంటే నాకు చిన్న అనుమానం. పల్లెల్లో ధాన్యం వాటా తగ్గితే, అంగళ్లలో కనిపించే ఆ చిప్సు, బిస్కెట్ల ప్యాకెట్లన్నీ ఎవరు తింటున్నారు?

కర్నూలు

సరిగ్గా పట్టుకున్నారు. 2022-23లో పల్లెల్లో బిస్కెట్లు, చిప్సు, కూల్ డ్రింకులు, బయట వండిన తిండి, వీటన్నిటికీ కలిపి 9 శాతం పైనే పోయింది. ధాన్యానికి పోయినదానికి దాదాపు రెట్టింపు.

అనంతపురం (ప్రశ్న అడిగినవాణ్ణి)

అందరికీ థాంక్స్. పై నుంచి కింద దాకా అవ్వకు చదివి వినిపించినా. సెలవు రసం ఎట్లా పెడతారో కనుక్కోమనింది. తర్వాత ఒకే ప్రశ్న వేసింది: "పిల్లోడి చిప్పులు యా లెక్కలో రాస్తివి?"

తినేవే కదా, వెచ్చాల్లోనే రాసినానని చెప్పినా.

"కొట్టేసి ఖర్చులో రాయి" అనింది.