వంక పక్క బోరు గ్యాపు ఇస్తోంది, ఇంకా లోతుకు పోవాలా?

వంకగట్టు రైతు (అనంతపురం జిల్లా):
మా పొలం వంకను ఆనుకునే ఉంది. నాన్న ఉన్నప్పుడు బావిలో నాలుగు మెట్లు దిగితే నీళ్ళందేవి. ఇప్పుడు అందులో కంపచెట్లు మొలిచాయి. నా బోరు 450 అడుగులు. కొత్తలో రెండున్నర ఇంచులు పోసేది. మార్చి నుంచి గంట పోస్తే పావుగంట గ్యాపు. పక్క పొలం ఆయన 800 అడుగులు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. టెంకాయతో చూసినాయన మాత్రం నాకు 700 దగ్గర పడతాయంటున్నాడు. అరెకరం వరి, ఎకరన్నర చెనిక్కాయ ఉన్నాయి. అప్పు చేసి దిగమంటారా?

పాత రికార్డు:
వద్దు తమ్ముడూ. మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్ళుండేది పైన మెత్తబడిన రాయిలో, దాని కింద చీలికల్లో. లోతుకు పోయేకొద్దీ చీలికలు తగ్గుతాయి.

2000 దశకంలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు కొలిచే పథకం నడిచింది. మా వంక వెంబడి బోర్లలో నేనే తీగ దించేవాణ్ణి, నీళ్ళు తగిలితే పెట్టె కూత పెట్టేది. (ఊరి బోర్లన్నిటికీ నాడి చూస్తావు, మన మోటరు మాత్రం బాగుచేయించవని మా ఆవిడ తిట్టేది.) వానాకాలం పంట అయ్యాక వంక పొడవునా ఊళ్ళవాళ్ళం కూర్చుని, ఇంకిన నీళ్ళెన్ని, యాసంగికి ఏ పంట ఎన్నెకరాలు అని లెక్క వేసేవాళ్ళం.

నీ లెక్క చూడు. ఏడాది వాన 550 మిల్లీమీటర్లు అనుకుంటే, మన రాతినేలలో ఇంకేది పదో వంతు, 55. వేసవి వరికి 1200 మిల్లీమీటర్ల దాకా నీళ్ళు పెట్టాలి. నీ అరెకరం మడి దాదాపు పదకొండు ఎకరాల్లో ఇంకిన వాన తాగుతోంది.

కదిరి కుర్రోడు:
మడిలో పెట్టిన నీళ్ళు కొంత తిరిగి ఇంకవా అన్నా?

పాత రికార్డు:
ఇంకుతాయి, మంచి మాటే అడిగావు. సగం తీసేసుకో. అయినా అయిదున్నర ఎకరాలు. అంత భూమి ఉందా తనకి?

వంకగట్టు రైతు:
మొత్తం మూడెకరాలే. బియ్యం కొనుక్కు తినడమేంటని అమ్మ గొడవ, అదీ నా టెన్షన్.

పాత రికార్డు:
వానాకాలంలో వెయ్యి వరి, అమ్మ మాటా నిలుస్తుంది. వేసవిలో వద్దు. ముందు 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో వారానికోసారి రాసిపెట్టు. చుట్టుపక్కల మోటర్లు ఆడుతున్నప్పుడొకసారి, ఆగినప్పుడొకసారి చూడు, నీ నీళ్ళు వాటికి పోతున్నాయేమో తెలుస్తుంది.

వంకగట్టు రైతు:
సరే అన్నా. రేపు కరెంటు రాగానే డ్రమ్ము పెడతా. టెంకాయ ఆయనకు ఇచ్చిన అడ్వాన్సు ఎలా వెనక్కి అడగాలో కూడా చెప్పు.