‘రియల్ హీరో’ అని రాయకుండా ఏమని రాయాలి?

గుంపులోని పెద్దలందరికీ నమస్కారం. నల్లగొండలో క్లాక్ టవర్‌కు నాలుగడుగుల దూరంలో నాది డీటీపీ, ఫ్లెక్సీ దుకాణం. పెళ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు చేస్తాను. అక్షరాలు పేర్చే పనే నాకు అన్నం పెడుతోంది. నిన్న ఒక మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది, మీ సాయం కావాలి.

నిన్న ఉదయం ఒక సినిమా నటుడి అభిమానులు వచ్చి ఇరవై అడుగుల ఫ్లెక్సీ వేయించుకున్నారు. బొమ్మ కింద ‘మా హీరో’ అని ఉంది, అంతే. సాయంత్రం నలుగురు డిగ్రీ పిల్లలు వచ్చారు. జూన్ 15న గల్వాన్ సైనికులకు (2020లో లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో తలపడినవారికి) నివాళిగా మూడడుగుల ఫ్లెక్సీ కావాలన్నారు. చందాలు వేసుకున్నట్టున్నారు, పది రూపాయల నోట్లు కూడా మడిచి తెచ్చారు. ఫోనులో చూపించిన మాటర్ ‘గల్వాన్ రియల్ హీరోలకు జోహార్లు’. దానికి తోడు ఒక సైనికుడి బొమ్మ. పెద్దది చేసి చూస్తే ఆ సైనికుడి భుజం మీద ఉన్న జెండా మన దేశానిది కాదు. ఎక్కడో నెట్‌లో దొరికింది పెట్టేశారు.

బొమ్మ మార్చడం క్షణం పని. మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. ఉదయం వచ్చినవారికి ‘హీరో’ అంటే చాలింది. సాయంత్రం పిల్లలకు దాని ముందు ‘రియల్’ అని తగిలిస్తే తప్ప అర్థం రాలేదు. ఒకప్పుడు నెయ్యి అంటే నెయ్యే. కల్తీ పెరిగాక ‘అసలైన నెయ్యి’ అనాల్సి వచ్చింది. మాట మీద హక్కు ఎవరిదో తెలుసుకోవాలంటే విశేషణం ఎవరికి తగిలించాల్సి వస్తోందో చూడాలి. ఇవాళ నటుడికి విశేషణం అక్కర్లేదు. యుద్ధంలో నిలబడినవాడికి కావాలి.

నటుల మీద నాకు కోపం లేదు. వాళ్లకు మన భాషలో చక్కటి మాట ఉండనే ఉంది, కథానాయకుడు. పని చేసినవాడు వీరుడు, కథను నడిపినవాడు నాయకుడు. మనకు రెండు మాటలుండగా, ఇంగ్లీషువాడు రెంటికీ కలిపి వాడే ఒక్క మాటను తెచ్చుకుని రెండింటినీ పోగొట్టుకున్నాం. ఇంతకూ ఆ పిల్లలకు ఏమని రాసివ్వాలి?

సూర్యాపేట ఉపాధ్యాయురాలు:
అన్నా, ఇందులో ఆలోచించేది ఏముంది, ‘గల్వాన్ అమరవీరులు’ అని రాయండి. మా పట్టణం బిడ్డ కర్నల్ బిక్కుమల్ల సంతోష్ బాబు గారి విగ్రహం పక్క నుంచే రోజూ బడికి వెళ్తాను. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌ను (16 బిహార్) నడిపిస్తూ ప్రాణమిచ్చిన మనిషి. ఆ రాత్రి మనవాళ్లు ఇరవై మంది పోయారు. వాళ్లను అమరులు అనకపోతే ఎవరిని అంటాం?

మిర్యాలగూడ, పదవీ విరమణ చేసిన సైనికోద్యోగి:
తప్పుగా అనుకోవద్దు బిడ్డా. సంతోష్ బాబు గారికి మరణానంతరం మహావీరచక్ర వచ్చింది. అదే పోరాటానికి ఐదుగురికి వీరచక్ర ఇచ్చారు. వారిలో నలుగురు చనిపోయినవారు, ఐదో ఆయన హవల్దార్ తేజిందర్ సింగ్, బతికి వచ్చారు. ‘గల్వాన్ అమరవీరులు’ అని ఫ్లెక్సీ వేసి అందులో ఆయన పేరు చేరిస్తే బతికున్న మనిషిని చనిపోయినవారిలో కలిపినట్టు. చేర్చకపోతే ఆయన ఆ రాత్రి అక్కడ లేనట్టు. మన పత్రికల్లో సైనికుడికి ఉన్న గౌరవపు మాటలన్నీ చావు చుట్టూనే తిరుగుతాయి. వీరమరణం, వీరస్వర్గం, అమరుడు, బలిదానం. తిరిగొచ్చినవాడికి మిగిలింది ‘మాజీ’ ఒక్కటే. ‘మాజీ’ అంటే గడిచిపోయినది. ఇరవై నాలుగేళ్లు చేసివచ్చాను, ఆ మాట రాసిన కార్డు చేతికిచ్చినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడింది.

నేను (దుకాణం నుంచి):
సార్, మీరు చెప్పకపోయి ఉంటే రేపు పొద్దున అచ్చు వేసేసేవాణ్ణి. ఇంకో సంగతి కూడా ఉంది. మా జిల్లాలో ‘అమరవీరులు’ అని ఒట్టిగా రాస్తే చదివేవారి మనసు వేరే చోటికి పోతుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పటి నుంచి ఆ మాట తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానిది. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉంది. తర్వాత తెలంగాణ ఉద్యమంలో పోయినవారికీ అదే మాట. ఊరి మొదట్లో స్తూపం, దాని మీద పేర్లు. ఆ మాటను అక్కడి నుంచి లాక్కోవడం నాకిష్టం లేదు.

మీరు ‘మాజీ’ అన్నారు కదా, మా పెద్దబాపు గుర్తొచ్చారు. 1971లో సైన్యంలో ఉన్నారు. ఊళ్లో ఎవరూ ఆయన్ని మాజీ సైనికుడు అనలేదు, వీరుడు అనీ అనలేదు. ‘మిలట్రాయన’ అనేవారు. ఇల్లు ‘మిలట్రాయన ఇల్లు’, బావి ‘మిలట్రాయన బావి’, చివరికి మా పెద్దమ్మ ‘మిలట్రాయన భార్య’. ఆయన పోయాక నల్ల ట్రంకుపెట్టె తెరిచాం. మూత మీద తెల్లరంగుతో తనే రాసుకున్న నంబరు. లోపల గుడ్డలో చుట్టిన ఒక పతకం. పిల్లలు ఏదో పాత నాణెమని ఆడుకోవడానికి తీసుకోబోయారు. కిటికీ వెలుతురులో తిప్పి చూస్తే ముందువైపు సింహాల ముద్ర, పలచటి అంచు మీద గోరు తగిలితేనే తెలిసేంత సన్నగా చెక్కిన అక్షరాలు. నంబరు, హోదా, పేరు. అది సంగ్రామ్ మెడల్. వీరచక్ర కాదు, ఆ యుద్ధకాలంలో సేవలో ఉన్నవారికి ఇచ్చినది. అయినా అంచు మీద పేరు ఉంది. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో అన్నం తిన్నాను, ఒక్కసారీ చూపించమని అడగలేదు. ఇది రాస్తుంటే కళ్లు చెమరుస్తున్నాయి.

మహబూబ్‌నగర్ నుంచి, శాసనాలు చదివే సభ్యుడు:
అన్నా, అంచు మీద పేరు అన్నారు చూడండి, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన దగ్గర యుద్ధంలో పోయినవారికి నిలిపిన రాయిని వీరగల్లు అంటారు. ఇప్పుడు కల్లు అంటే తాటికల్లే తోస్తుంది గానీ, రాయికి అది పాత మాట. పెళ్లిలో తొక్కించే సన్నెకల్లులో ఉంది, ఓరుగల్లులో ఉంది. కన్నడంలోనూ వీరగల్లే.

మా ఊరి చెరువుకట్ట మొదట్లో ఒకటుంది. మోకాలి ఎత్తు రాయి. ఒక మనిషి కత్తి ఎత్తి నిలబడి ఉంటాడు, పైన సూర్యుడు, చంద్రుడు. వాళ్లున్నంత కాలం ఇతని పేరు ఉంటుందని అర్థం. ఏటా ఎర్ర జాజు పూసి సున్నపు బొట్లు పెట్టి ఆంజనేయుడని కొబ్బరికాయ కొడుతున్నారు. చిన్నప్పుడు నేనూ కొట్టాను. మొన్న ఊరి పెద్దల అనుమతితో ఒక పక్క జాజు తుడిచి చూశాను. తోక లేదు, గద లేదు. నడుముకు బాకు ఉంది, పక్కన రెండు ఆవుల తలలు. పశువుల మందను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డం పోయి చచ్చిన మనిషి అయివుంటాడు. దేవుడిగా మొక్కుతున్నాం, మనిషిగా మరిచిపోయాం. అక్షరాలు ఉన్నాయో లేవో, మిగతా జాజు తుడిస్తే గానీ తెలియదు.

వీరగల్లులో ‘వీర’ అన్నది పొగడ్త కాదు. అక్షరాలున్న రాళ్ల మీద ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరి కోసం అన్న సంగతి చెక్కారు. పేరు, పని, చోటు. ‘హీరో’కు ఈ మూడూ అక్కర్లేదు, బొమ్మ ఉంటే చాలు.

హాలియా నుంచి:
ఇంకా పాత మాట మా పక్కనే ఉంది. ఛాయాస్తంభం. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపువి బయటపడ్డాయి, అంటే క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటివి. ప్రాకృతంలో ‘ఛాయాఖంభో’ అని చెక్కారు. ఛాయ అంటే ఇక్కడ రూపం, పోలిక. రాజుకు నిలిపారు, సేనాపతికి నిలిపారు. నాకు మనసు నిండింది ఎక్కడంటే, మామూలు సైనికులకూ, ఒక చేతిపనివాడికీ కూడా నిలిపారు. సాగర్‌లో లాంచీ ఎక్కి దీవి మీది మ్యూజియానికి వెళ్లినవారు బుద్ధుడి పాదాల దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి ఈ స్తంభాల గురించి అక్కడివారిని అడగండి.

హైదరాబాద్ నుంచి:
పేరు జనం నోట నిలవకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూడండి. తీన్‌మూర్తి అంటే అందరికీ నెహ్రూ గారు ఉన్న భవనమే. ఆ మూడు మూర్తులు ఎవరివి? మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పోరాడిన జోధ్‌పుర్, హైదరాబాద్, మైసూరు సంస్థానాల అశ్వికదళాలకు గుర్తుగా 1922లో పెట్టినవి. అందులో ఒకరు మన హైదరాబాద్ లాన్సర్. జనం నోట మిగిలింది ‘మూడు బొమ్మలు’ అన్న లెక్క మాత్రమే.

కోదాడ నుంచి:
ఒక చిన్న ప్రశ్న. ‘వీర్ చక్ర’ అని రాయాలా, ‘వీరచక్ర’ అనా?

నేను:
నేనైతే వీరచక్ర, మహావీరచక్ర, పరమవీరచక్ర అనే వేస్తాను. అది సంస్కృత సమాసం, హిందీవారు పలికినట్టు మనం ర అక్షరానికి పొల్లు పెట్టనక్కర్లేదు.

అందరికీ దండం. ఈ సాయంత్రం పిల్లలు మళ్లీ వచ్చారు. ఈ చర్చంతా చదివి వినిపించాను. సంతోష్ బాబు గారి పేరు తప్ప ఇంకెవరి పేరూ తెలియదని తల దించుకున్నారు. నాకూ నిన్నటిదాకా తెలియదని చెప్పాను. నలుగురూ దుకాణం అరుగు మీద కూర్చుని గంటసేపు పేర్లు వెతికి రాశారు. ‘రియల్ హీరో’ తీసేశారు. ‘జోహార్లు’ ఉంచమన్నారు, ఉంచాను. బొమ్మ వద్దన్నారు. బొమ్మ చోటంతా పేర్లకు ఇచ్చాను. వరుసలు ఇలా ఉన్నాయి:

గల్వాన్ లోయ, 15 జూన్ 2020
కర్నల్ బిక్కుమల్ల సంతోష్ బాబు, 16 బిహార్, సూర్యాపేట. మహావీరచక్ర
నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్, 16 బిహార్, ఒడిశా. వీరచక్ర
హవల్దార్ కె. పళని, 81 ఫీల్డ్ రెజిమెంట్, తమిళనాడు. వీరచక్ర
నాయక్ దీపక్ సింగ్, 16 బిహార్‌తో ఉన్న వైద్య సహాయకుడు, మధ్యప్రదేశ్. వీరచక్ర
సిపాయి గుర్తేజ్ సింగ్, 3 పంజాబ్, పంజాబ్. వీరచక్ర
హవల్దార్ తేజిందర్ సింగ్, 3 మీడియం రెజిమెంట్. వీరచక్ర. క్షేమంగా తిరిగివచ్చారు

మిగిలిన పదిహేను మంది పేర్లు కింద రెండు వరుసల్లో వస్తాయి, పిల్లలు ఇంకా సరిచూస్తున్నారు. మూడడుగుల్లో పట్టడం లేదు, ఆరడుగులు చేశాను. పై మూడడుగుల డబ్బు నేను తీసుకోవడం లేదు.

సూర్యాపేట ఉపాధ్యాయురాలు:
అన్నా, ‘క్షేమంగా తిరిగివచ్చారు’ అన్న మాట చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. తీసేయకండి.

మిర్యాలగూడ నుంచి:
బిడ్డా, 15 పొద్దున ఫ్లెక్సీ కట్టేటప్పుడు నాకు కబురు చేయండి, బస్సెక్కి వస్తాను.

నేను:
తప్పకుండా సార్. సాయం ఇంకొకటి కావాలి. నుదురామ్ అన్న పేరులో ‘దు’ హ్రస్వమా, దీర్ఘమా? ఒడియా గానీ సంతాలీ గానీ తెలిసినవారు ఎవరైనా ఉంటే రాత్రి పదిలోపు చెప్పండి. పది దాటాక మెషీన్ మీదికి ఎక్కిస్తాను.