టెస్టోస్టిరాన్ తయారీకి పిట్యూటరీ ఆజ్ఞ ఒక్కటే చాలా?

సూక్ష్మదర్శిని: వృషణంలో ఇరుగుపొరుగు కణాలే టెస్టోస్టిరాన్‌ని నడిపిస్తాయని పక్క థ్రెడ్‌లో ఎవరో రాశారు. మరీ ఎక్కువ చేస్తున్నారు. మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ వచ్చి, వృషణంలో టెస్టోస్టిరాన్ తయారుచేసే లేడిగ్ కణానికి తగలాలి, అప్పుడే స్టార్ అనే ప్రోటీన్ ముడిసరుకైన కొలెస్టరాల్‌ని ఆ కణంలోని మైటోకాండ్రియాలోకి చేరుస్తుంది, హార్మోన్ తయారవుతుంది. అంతే కథ.

కాకినాడకాజా: రాసింది నేనే. ఎల్‌హెచ్ అక్కర్లేదని ఎక్కడన్నాను? ఎదిగిన చిట్టెలుకల్లో సెర్టోలి కణాలను (వృషణంలో వీర్యకణాలను పోషించేవి) చంపేస్తే లేడిగ్ కణాల సంఖ్యే బాగా పడిపోయింది. పిండదశలో సెర్టోలి కణాలు పంపే డెజర్ట్ హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్ లేకపోతే లేడిగ్ కణాలు సరిగా ఎదగవు. ఇన్‌ఫెక్షన్ వస్తే మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే రసాయనం వదిలి అక్కడికక్కడే తయారీ తగ్గిస్తాయి. ఇవన్నీ పిట్యూటరీ చేస్తోందా?

సూక్ష్మదర్శిని: ఎలుకలు! మనుషుల్లో చూపించండి.

మౌని: కానివ్వండి, చదువుతున్నా.

జిమ్‌బావ: మనిషి కావాలా, నేనున్నా. నీరసంగా ఉందంటే జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు వేశారు. రక్తం రిపోర్ట్ బ్రహ్మాండం. పిల్లల కోసం టెస్ట్ చేయిస్తే వీర్యకణాలు సున్నా! అడిగితే "రిపోర్ట్ బాగానే ఉందిగా" అన్నాడు వేసినవాడు.

సూక్ష్మదర్శిని: ఇది నా మాటకే సాక్ష్యం బ్రో. బయటి హార్మోన్ చూసి మెదడు ఎల్‌హెచ్ ఆపేసింది.

కాకినాడకాజా: సగమే చెప్పారు. రక్తంలో నిండుగా ఉన్నా కౌంట్ ఎందుకు పడింది మరి? సెర్టోలి కణాలను నడిపే ఇంకో పిట్యూటరీ హార్మోన్, ఎఫ్‌ఎస్‌హెచ్, తగ్గడం ఒకటి. రెండోది, వృషణం లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కంటే దాదాపు వంద రెట్లు ఉంటుంది, పక్కనున్న లేడిగ్ కణాల నుంచే సెర్టోలి కణాలకు అందుతుంది. సూదితో అంత రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది, ఫలితాలు 1990లో వచ్చాయి. జిమ్‌లో బలానికని వేస్తున్నది ఆ మందే!

సూక్ష్మదర్శిని: మీరిలా లోకల్ సిగ్నల్స్ అంటూ ఉండండి, రేపు టెస్టోస్టిరాన్ బూస్టర్ డబ్బాల మీద అదే ముద్ర వేసి అమ్ముతారు. మా తమ్ముడు జీతమంతా ఆ డబ్బాలకే తగలేశాడు, నా మంట అది.

కాకినాడకాజా: వాడెవడో అమ్ముకుంటాడని ఉన్న విషయం దాచాలా? రక్తంలో అంకె బాగుంటే లోపలా బాగున్నట్టే అనేవాళ్ల మీద నా మంట.

జిమ్‌బావ: మీ మంటలు సరే, నా కౌంట్ తిరిగొస్తుందా?

కాకినాడకాజా: ఆపేస్తే చాలామందికి వస్తుంది, నెలలు పట్టొచ్చు. సంతాన సమస్యలు చూసే యూరాలజిస్ట్‌ని కలవండి, అవసరమైతే హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇస్తారు.

సూక్ష్మదర్శిని: హెచ్‌సీజీ అంటే లేడిగ్ కణం మీద ఎల్‌హెచ్ తగిలే రిసెప్టర్‌నే తట్టేది. మళ్లీ నా దగ్గరికే వచ్చారు.