నెల్లూరు నుంచి డాలస్: ఊరికే ఇస్తున్న క్రిబ్, కార్ సీట్ తీసుకోవచ్చా?

నమస్తే అండీ. వచ్చే నెల మా ఆవిడ, ఏడు నెలల పాపతో డాలస్ వస్తున్నాను. అక్కడి సీనియర్ ఒకాయన ఇండియాకి వచ్చేస్తూ క్రిబ్ (పాప పడుకునే కడ్డీల మంచం), కార్ సీట్ (పాపని కారులో కూర్చోబెట్టేది), గది వేడిచేసే స్పేస్ హీటర్ ఊరికే ఇస్తానన్నారు. పాత కారు మాత్రం డబ్బుకి. తీసుకోమంటారా? ఇక్కడ మా అమ్మ ట్రంక్ రోడ్డు షాపులన్నీ పెట్టెల్లోకి ఎక్కించేస్తోంది.

— తమ్ముడూ, మాది ఒంగోలు. ఊరికే వచ్చేదాన్ని వద్దనను, కానీ ముందు రీకాల్ చూసుకో. రీకాల్ అంటే, వాడితే ప్రమాదమని తేలిన వస్తువుని కంపెనీ బాగుచేసివ్వాలి, మార్చివ్వాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. ఇంటి సామాను సంగతి సీపీఎస్‌సీ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ చూస్తుంది, కార్లు, కార్ సీట్లు అక్కడి రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కిందికొస్తాయి. చిక్కేందంటే, క్రిబ్, కార్ సీట్ లాంటివాటికి కబురు ఎక్కువగా వెళ్లేది కొన్నప్పుడు పేరు రిజిస్టర్ చేసుకున్నవాళ్లకి. చేతులు మారిన వస్తువుకి నిన్నెవరూ వెతుక్కుంటూ రారు.

ఫిషర్ ప్రైస్ రాక్ ఎన్ ప్లే అనే వాలుగా ఉండే పడకని పసిబిడ్డలు చనిపోయాక 2019లో వెనక్కి పిలిచారు, దాదాపు 47 లక్షల పడకలు. అయినా ఇళ్లలో వాడకం ఆగలేదు, ఇంకొందరు పిల్లలు పోయారు. 2023లో మళ్లీ ప్రకటించాల్సొచ్చింది.

అందుకని ఆయన్ని ప్రతి వస్తువు మీదున్న స్టిక్కర్ ఫొటో పంపమను. మోడల్ నంబరు, తయారైన తేదీ దానిమీదే ఉంటాయి, సీపీఎస్‌సీ సైట్లో, కార్ సీటైతే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూడు. క్రిబ్ పక్క కడ్డీలు కిందికి జారే రకమైతే ఎంత కొత్తగా కనిపించినా వద్దు, 2011 జూన్ నుంచి దాని అమ్మకమే నిషేధం. కార్ సీట్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది. ఆ సీటున్న కారు ఎప్పుడైనా గుద్దుకుందా అని మొహమాటం లేకుండా అడుగు. నేనైతే సీటు కొత్తదే కొంటాను.

— కారు గురించి నేను చెప్తా. డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో 17 అక్షరాలు, అంకెల విన్ నంబరు (ఆ కారు గుర్తింపు నంబరు) ఉంటుంది, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో వెయ్యి. ముఖ్యంగా టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడు. దాన్ని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్లపాటు వేడికీ తేమకీ పాడైపోయి, బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఇనుప డబ్బా పగిలి ముక్కలు మొహానికి కొడతాయి. అమెరికాలో దాదాపు 6.7 కోట్ల బ్యాగులు రీకాల్ అయ్యాయి. టెక్సాస్ ఎండల సంగతి వచ్చాక చూస్తావులే. నువ్వు రెండో ఓనరువైనా డీలర్ ఫ్రీగా మారుస్తాడు. రీకాల్ పెండింగ్‌లో ఉన్న పాత కారు అమ్మడం తప్పని అమెరికా కేంద్ర చట్టం చెప్పదు, కాబట్టి చూసుకోవాల్సింది నువ్వే.

— అమ్మ పెట్టెలు కూడా ఓసారి తెరువన్నా. కొన్ని హిందాలియం గిన్నెల్లోంచి సీసం వంటలోకి దిగుతోందని అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ 2025లో హెచ్చరించింది. స్టీలు దబరలు తెచ్చుకో. కొన్ని కాటుకల్లోనూ సీసం ఉంటుంది, పాపకి అసలు వద్దు. మిక్సీ అంటావా, ఇక్కడ కరెంటు 120 వోల్టులే, మన మిక్సీ సరిగ్గా తిరగదు.

— అందరికీ థాంక్స్. హీటర్‌కి స్టిక్కర్ ఊడిపోయిందట, వద్దన్నాను. క్రిబ్ ఫొటో రేపు పంపుతారు. హిందాలియం తీయించేశాను. కాటుక దగ్గర మాత్రం పంచాయితీ నడుస్తోంది.

— ఒంగోలు అక్కని మళ్లీ. ఆ క్రిబ్ రీకాల్‌లో ఉన్నా కంగారుపడకు, చాలాసార్లు బిల్లు అడగరు, స్టిక్కర్ ఫొటో చాలు. అది తేలేదాకా పాపని అందులో పడుకోబెట్టొద్దు.